రసీదు లేని పెట్టె

కేబుల్ కనెక్షన్ మార్చుకుందామనుకున్న వాళ్లకు మళ్లీ అదే సమాధానం వస్తోంది: "ఆ సెట్‌టాప్ బాక్సు మా లైనుకు పనికిరాదండీ, కొత్తది తీసుకోవాలి." పాత కంపెనీకి ఫోన్ చేస్తే బాక్సు తమదేనని, తిరిగి ఇచ్చేయాలని అంటారు. డబ్బు కట్టి కొన్నాం కదా అంటే రసీదు చూపించమంటారు. చాలా ఇళ్లలో ఆ రసీదు లేదు. పారేసుకున్నారని కాదు, అసలు ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో తెలియాలంటే 2012, 2013 సంవత్సరాల్లో ఏం జరిగిందో చూడాలి.

కేబుల్ టీవీ చట్టం ఎలా మారిందో ఇదివరకు చాలామంది రాశారు. 2011 చివర్లో సవరణ వచ్చింది, పెట్టె లేకుండా వైరు నుంచి నేరుగా టీవీకి వచ్చే పాత అనలాగ్ సిగ్నల్‌ను నాలుగు దశల్లో ఆపేయాలని నిర్ణయించారు. మొదట నాలుగు మహానగరాలు, తర్వాత 38 నగరాలు. ఆ 38లో అప్పటి ఉమ్మడి రాష్ట్రం నుంచి ఉన్నవి హైదరాబాద్, విశాఖపట్నం. గడువు 2013 మార్చి 31.

బొమ్మ బాగా వస్తుందని, చానళ్లు పెరుగుతాయని ప్రకటనల్లో చెప్పారు. రెండూ నిజమే. అయితే పెట్టె అవసరం పుట్టింది లెక్కల దగ్గర. అనలాగ్ రోజుల్లో స్తంభం మీంచి ఎన్ని ఇళ్లకు వైరు వెళ్లిందో పైనున్న కంపెనీలకు, చానళ్లకు తెలిసే దారి లేదు. ఆపరేటర్లు ఉన్న కనెక్షన్లలో కొన్నే చూపించి మిగతా డబ్బు ఉంచుకుంటున్నారని చానళ్ల ఫిర్యాదు. ఫిర్యాదులో నిజం ఉంది. పెట్టె వస్తే ప్రతి ఇంటికీ ఒక నంబరు ఉంటుంది, కంట్రోల్ రూమ్‌లో కూర్చుని ఏ ఇంటికి ఏ చానల్ ఇవ్వాలో, ఏది ఆపాలో నిర్ణయించొచ్చు. లెక్క కోసం పుట్టిన వస్తువు కాబట్టే, అది చూసేవాళ్ల చేతికి ఎలా చేరుతుంది, చేరాక ఎవరిది అవుతుంది అన్న ప్రశ్నలు వెనకబడ్డాయి.

రాతలో మాత్రం వెనకబడలేదు. 2012 మే నెలలోనే టెలికాం, కేబుల్ రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు తెచ్చింది. కనెక్షన్ ఇచ్చేముందు దరఖాస్తు ఫారం నింపించాలి. పెట్టెను సొంతానికి కొనుక్కోవచ్చు, అద్దెకు తీసుకోవచ్చు, వాయిదాల మీద తీసుకోవచ్చు, ఏది కావాలో చూసేవాళ్లే చెప్పాలి. చక్కటి నియమం. దాన్ని పాటించి ఉంటే ఇవాళ్టి గొడవలో సగం ఉండేది కాదు.

జరిగింది వేరు. పెట్టెలు అట్టపెట్టెల్లో ఆపరేటర్ ఇంటికి దిగాయి. గడువు దగ్గరపడుతుంటే అతను, అతని దగ్గర పనిచేసే కుర్రాడు ఇంటింటికీ తిరిగి బిగించారు. వీధికో ధర పలికింది. ఒకచోట మొత్తం తీసుకున్నారు, ఇంకోచోట ముందు కొంత, తర్వాత కొంత. అంతా నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఫారం సంగతి తర్వాత చూద్దామన్నారు. పైనుంచి అడిగింది కూడా ఎన్ని పెట్టెలు పెట్టారనే. ఎన్ని ఫారాలు వచ్చాయన్న ప్రశ్న పెట్టెలన్నీ పెట్టేశాక వచ్చింది. 2013లో ఫారాలు ఇవ్వకపోతే సిగ్నల్ ఆపేయండని ట్రాయ్ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. దాంతో ఫారాలు హడావిడిగా నిండాయి. పేరు, చిరునామా, సంతకం ఉండి, పెట్టె కొన్నారా అద్దెకా అన్న చోట ఏమీ రాయని ఫారాలు నేను చూశాను. నా లెక్కలో ఈ వ్యవహారమంతా మలుపు తిరిగింది ఆ ఖాళీ గడి దగ్గరే.

ఆ రోజుల్లో విశాఖలో మా ఇంట్లో రెండు రిమోట్లు పక్కపక్కన ఉండేవి. టీవీది ఒకటి, పెట్టెది ఒకటి. అమ్మ టీవీ రిమోట్‌తో చానల్ మార్చబోయేది, తెర నీలంగా మారి 'నో సిగ్నల్' అని వచ్చేది. "బాబూ, మళ్లీ పోయిందయ్యా" అని ఆపరేటర్‌కు ఫోన్ చేసేది. అతను "వస్తున్నా పిన్నిగారూ" అని వచ్చి, టీవీని ఏవీలో పెట్టి, ఏ రిమోట్ ముట్టుకోకూడదో దానికి ప్లాస్టర్ అంటించి వెళ్లాడు. మా వీధిలో ఇలాంటి ఇళ్లు చాలా ఉండేవి. ఆ తిరుగుడుకి అతనికి ఎవరూ పైసా ఇవ్వలేదు. కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు చేస్తే భాషలు ఎంచుకునేసరికే పెద్దవాళ్లు ఫోన్ పెట్టేసేవారు. అనలాగ్ నుంచి డిజిటల్‌కు జనాన్ని దాటించింది ఆపరేటర్లే అని నేను అనేది అందుకే. దొంగలెక్కల వాళ్లన్న ముద్ర వేసి, వాళ్ల చేతే ఈ పని ఊరికే చేయించుకున్నారు.

ఇదే పని బ్రిటన్‌లో ఎలా చేశారో చూడండి. అక్కడ 2007లో వైట్‌హేవెన్‌లో మొదలై 2012 అక్టోబర్‌లో ఉత్తర ఐర్లండ్‌లో ముగిసింది. 75 ఏళ్లు దాటినవాళ్లకు, వికలాంగులకు, చూపు లేనివాళ్లకు లైసెన్సు ఫీజు డబ్బుతో బీబీసీ ఒక సహాయ పథకం నడిపింది. 40 పౌండ్లు కడితే చాలు, పేదలకు అదీ లేదు. మనిషి ఇంటికొచ్చి పరికరం బిగించి, ఎలా వాడాలో చూపించి, తర్వాత ఏడాది పాటు సాయం అందించాలి. అమెరికాలో పెట్టె కొనుక్కోవడానికి ఇంటికి రెండు చొప్పున 40 డాలర్ల కూపన్లు ఇచ్చారు. వాటికి కేటాయించిన డబ్బు అయిపోయి జనం వరుసలో మిగిలిపోతే, 2009 ఫిబ్రవరి 17 గడువును జూన్ 12కు జరిపారు. అక్కడ మారింది యాంటెన్నా టీవీ, ఇక్కడ కేబుల్ ప్రైవేటు వ్యాపారం, పోలిక కుదరదని మన దగ్గర అంటారు. వ్యాపారమే కావచ్చు. కానీ గడువు పెట్టింది ప్రభుత్వం, పాత సిగ్నల్‌ను చట్టం పెట్టి ఆపించింది ప్రభుత్వం.

మూడో దశలో విజయవాడ, వరంగల్, గుంటూరు లాంటి పట్టణాలన్నీ వచ్చాయి. గడువు 2015 డిసెంబర్ 31. చాలినన్ని పెట్టెలు లేవని ఎంఎస్‌ఓలు, అంటే ఆపరేటర్లకు సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ కంపెనీలు, హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టుకు వెళ్తే రెండు నెలలు దొరికాయి. ఇతర రాష్ట్రాల్లోనూ కేసులు పడ్డాయి, 2016లో సుప్రీంకోర్టు అన్నింటినీ ఢిల్లీ హైకోర్టుకు పంపింది. ఆ వాదనలన్నీ పెట్టెల కొరత చుట్టూ తిరిగాయి. పల్లెల దశ 2017 మార్చి 31తో ముగిసింది.

2019లో చానళ్లు ఎవరికి వారే ఎంచుకునే పద్ధతి వచ్చినప్పుడు అదే కథ ఇంకోసారి నడిచింది. వంద చానళ్లకు 130 రూపాయలు, జీఎస్టీ కలిపితే 153 రూపాయల 40 పైసలు, పే చానళ్ల ధర దానిపైన. ఆ జాబితాలు పట్టుకుని గుమ్మం గుమ్మం ఎక్కింది మళ్లీ ఆపరేటర్లే. జనం ఎంచుకోలేకపోతున్నారని గడువును మార్చి 31 దాకా పొడిగించారు.

ఏ కంపెనీ లైనుకైనా పనిచేసే పెట్టెలే ఇవ్వాలని 2020 ఏప్రిల్‌లో ట్రాయ్ సిఫార్సు చేసింది. ఖర్చు పెరుగుతుందని, సిగ్నల్ భద్రత దెబ్బతింటుందని కంపెనీల అభ్యంతరం. సిఫార్సు తప్పనిసరి నిబంధన కాలేదు. నెలసరి బిల్లు లేని దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్ పెట్టెను మాత్రం బజార్లో కొని ఏ ఊరికైనా తీసుకెళ్లొచ్చు. అయితే పెద్ద తెలుగు వినోద చానళ్లు చాలాకాలం అందులో లేకపోవడంతో మన ఇళ్లకు కేబుల్ తప్పలేదు.

ఇప్పుడు కంపెనీలు పెట్టె అద్దెకే ఇచ్చామంటున్నాయి, ఆ ఖాళీ గడిని తమకు అనుకూలంగా చదువుకుంటున్నాయి. అద్దెకే అయితే చెడిపోయినప్పుడల్లా మా దగ్గర బాగుచేయించే డబ్బులు ఎందుకు తీసుకున్నారని అడగండి. ఆపరేటర్ల నోటుపుస్తకాలు చాలాచోట్ల ఇంకా ఉన్నాయి, వాటిని సాక్ష్యంగా తీసుకోవాలి. మా ఆపరేటర్ పుస్తకంలో 2013 మార్చి పేజీలో మా డోర్ నంబరు, దాని ఎదురుగా కట్టిన మొత్తం, 'బాక్సు, ఫుల్' అన్న రెండు మాటలు, పక్కన అమ్మ సంతకం ఉన్నాయి.