నలభై డాల్టన్ల పంచాయితీ

దేశీ ఆవుల పాలంటూ అమ్మే ఏ2 పాల రగడ 2024లో మళ్లీ రాజుకుంది. ఆ ఏడాది ఆగస్టు 21న ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ప్యాకెట్ల మీద ఏ1, ఏ2 రాతలు తీసేయమంది, 26న ఆ మాట వెనక్కి తీసుకుంది. ఆరోగ్యానికి ఏది మేలన్న వాదన జోలికి ఇక్కడ పోవడం లేదు. అసలు గొడవ తూకంలో ఉంది.

అమ్రాబాద్ గుట్టల పొడ తూర్పు ఆవు పాలైనా, నల్లగొండ కొట్టంలోని జెర్సీ సంకరం పాలైనా క్యాన్‌లో పడ్డాక తెల్లగానే ఉంటాయి. లాక్టోమీటర్‌కూ, వెన్న శాతానికీ ఈ తేడా అందదు. పాలలోని బీటా కేసీన్ అనే ప్రొటీన్‌లో 209 అమైనో ఆమ్లాలుంటాయి. 67వ చోట ఏ2లో ప్రోలిన్, ఏ1లో హిస్టిడిన్. ఏ2 బరువు 23,983 డాల్టన్లు (ఒక డాల్టన్ అంటే దాదాపు ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు), ఏ1 బరువు 24,023. తేడా నలభై.

1970లో శాస్త్రవేత్త లెమ్లీ చూపిన ఎస్‌డీఎస్ జెల్ (కరెంటు పెట్టి ప్రొటీన్లను జెల్లీలో నడిపించే పద్ధతి) ప్రొటీన్ బరువును అంచనా మాత్రమే వేస్తుంది. ఐదు శాతం తప్పినా 1,200 డాల్టన్లు పోయినట్టే, ఇక నలభై ఎక్కడ చిక్కుతుంది? ఆమ్ల యూరియా జెల్ ఆ రెంటినీ విడదీస్తుంది, కానీ విద్యుదావేశాన్ని బట్టే, బరువును బట్టి కాదు.

1988 ప్రాంతంలో కథ మారింది. ప్రొటీన్ ద్రావణాన్ని సన్నని సూది నుంచి వేల వోల్టుల మధ్య తుంపరగా చిమ్మితే, చుక్కలు ఆరిపోయి ప్రొటీన్ ముక్కలు కాకుండానే విద్యుదావేశాలు మోసుకుంటూ గాలిలోకి లేస్తుందని శాస్త్రవేత్త జాన్ ఫెన్ చూపాడు. అలా లేచినదాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం తూస్తుంది. అదే పనికి లేజర్ దారి పట్టిన కోయిచి తనాకాతో కలిపి ఫెన్‌కు 2002లో నోబెల్ వచ్చింది. ఈ యంత్రం బరువును ఆవేశాల సంఖ్యతో భాగించి, గ్రాఫులో శిఖరంలా, అంటే పీక్‌గా చూపుతుంది. ఇరవై ఆవేశాలు (ఒక్కోదానికి ఒక ప్రోటాన్ బరువు కలుస్తుంది) మోస్తే ఏ2 పీక్ 1200.2 దగ్గర, ఏ1 పీక్ 1202.2 దగ్గర కనిపిస్తాయి.

పని తేలికేమీ కాదు. పాలను చల్లగా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి మీగడ తీసేయాలి. యూరియా, డీటీటీ అనే రసాయనాలు కలిపి ప్రొటీన్ మడతలు విప్పి, కాలమ్ అనే వడపోత గొట్టంలో ఉప్పు కడిగేయాలి. కడగడం సరిగా లేకపోతే ఏ2కు పొటాషియం అంటుకుని 38 పెరుగుతుంది. యూరియా ద్రావణాన్ని వేడి చేస్తే కార్బమైలేషన్‌తో, అంటే యూరియా నుంచి వచ్చిన ముక్క ప్రొటీన్‌కు అతుక్కుని, 43 పెరుగుతుంది. రెండూ నలభై పక్కనే తచ్చాడతాయి, ఏ1 ఉందని తొందరపాటు రిపోర్టు పుట్టేది ఇక్కడే. అనుమానముంటే ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో కోసి, 67వ చోటున్న 49 అమైనో ఆమ్లాల పొడుగు ముక్కను విడిగా తూచాలి.

మంద మొత్తం దేశీదే అంటారు అమ్మేవాళ్లు. ఒక్క సంకరం ఆవు పాలు కలిసినా 1202 దగ్గర పీక్ లేవొచ్చు. ఇక ఏ2 నెయ్యి అంటారా, కాచి వడగట్టాక తూచడానికి అందులో కేసీన్ దాదాపు మిగలదు.