క్యాన్సర్ అనుమానితుల లిస్టులోకి బాక్టీరియా ఎలా వచ్చింది

2025 మార్చిలో బిక్కవోలు మండలం బలభద్రపురంలో క్యాన్సర్ కేసులు ఎక్కువగా ఉన్నాయని వార్తలొచ్చి మెడికల్ టీములు ఇంటింటికీ తిరిగినప్పుడు మన గోదారి జిల్లాల్లో ఎక్కడ చూసినా అదే చర్చ. ఒకళ్ళు ఫ్యాక్టరీలంటారు, ఇంకొకళ్ళు వరికి కొట్టే మందులంటారు, రొయ్యల చెరువుల్లోంచి డ్రెయిన్లలోకి వదిలే నీళ్ళంటారు. బాక్టీరియా మాట మాత్రం పెద్దగా ఎవరి నోటా రాలేదు. ఆ ఊళ్ళో కారణం అదేనని నేనేం అనట్లేదండీ, దానికీ దీనికీ ముడిపెట్టొద్దు. కానీ క్యాన్సర్ తెస్తాయని అనుమానించేవాటి లిస్టులో బాక్టీరియాకి కూడా ఒక చోటుంది, అదొచ్చిన తీరు మాత్రం భలే వంకర కథ.

నిజానికి మొదట్లో బాక్టీరియాని క్యాన్సర్‌కి మందుగా వాడారు. 1890ల్లో న్యూయార్క్‌లో విలియం కోలీ అనే సర్జన్ కొంతమంది రోగులకి గడ్డలు తగ్గుతాయని బాక్టీరియా ఎక్కించేవాడు, తర్వాత చంపేసిన బాక్టీరియా ఎక్కించడం మొదలెట్టాడు. ఇంకోపక్క క్రిమి వల్లే క్యాన్సర్ వస్తుందని వెతికేవాళ్ళూ ఉన్నారు, డెన్మార్క్‌లో ఫిబిగర్ అనే ఆయన ఎలకల పొట్టలో పురుగుల వల్ల క్యాన్సర్ వచ్చిందన్నాడు, 1926 సంవత్సరానికి నోబెల్ కూడా ఇచ్చేశారు, తర్వాత చూస్తే అది తప్పని తేలింది. ఆ దెబ్బతో క్రిములు, క్యాన్సర్ అని కలిపి మాట్లాడితే నవ్వుతారేమో అన్న భయం చాలాకాలం ఉండిపోయింది. పైగా క్యాన్సర్ అంటువ్యాధి కాదు అని జనానికి చెప్పడం అవసరం, అది ఇప్పటికీ నిజమే, పేషెంట్‌కి విడిగా కంచం పెట్టే ఇళ్ళు మన దగ్గర ఇంకా ఉన్నాయి.

కథ మలుపు తిరిగింది ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో. 1979లో రాబిన్ వారెన్ అనే పెథాలజిస్ట్‌కి పొట్ట బయాప్సీల్లో మెలితిరిగిన బాక్టీరియా కనిపించింది. అంత యాసిడ్‌లో ఏ క్రిమీ బతకదని అప్పటి నమ్మకం. బారీ మార్షల్ అనే కుర్ర డాక్టర్ ఆయనతో కలిశాడు. ల్యాబ్‌లో ఎంత పెంచినా పెరగలేదు, ఎందుకంటే రెండ్రోజులు చూసి ప్లేట్లు పారేసేవాళ్ళు, 1982 ఈస్టర్ సెలవుల్లో ప్లేట్లు అలాగే ఉండిపోయేసరికి పెరిగింది. అయినా ఎవరూ నమ్మట్లేదని 1984లో మార్షల్ ఆ బాక్టీరియాని తనే తాగేశాడు, కొన్ని రోజులకి వాంతులు, ఎండోస్కోపీ చేస్తే పొట్ట లోపల వాపు. అదే హెచ్ పైలోరి. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందుండే క్యాన్సర్ పరిశోధన ఏజెన్సీ దాన్ని గ్రూప్ 1లో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటి లిస్టులో, పొగాకు పక్కన పెట్టింది. 2005లో ఇద్దరికీ నోబెల్.

ఇక్కడే విషాల సంగతి మొదలవుతుంది. దీర్ఘకాలం వాపు ఉంటే క్యాన్సర్ రావచ్చన్నది పాత మాట, అందులో బాక్టీరియా ఉత్తి నిప్పు రాజేసేది మాత్రమే. హెచ్ పైలోరి అంతకంటే ముదిరింది, సన్నటి సూదిలాంటి నిర్మాణంతో క్యాగ్‌ఏ అనే ప్రోటీన్‌ని మన కణంలోకి నేరుగా ఎక్కిస్తుంది, అది లోపలికెళ్ళి పెరుగుదల సిగ్నళ్ళని కెలుకుతుంది. వేరే కొన్ని బాక్టీరియాలు వదిలే ఇంకో రకం విషం సీడీటీ, 1980ల చివర్లో బయటపడింది, కణాలు ఉబ్బి చచ్చిపోతుంటే ఎందుకో చాలా ఏళ్ళు అర్థం కాలేదు, 2000 ప్రాంతంలో తెలిసిందేంటంటే దాని ఒక ముక్క కణం కేంద్రకంలోకి వెళ్ళి డీఎన్‌ఏని కత్తిరిస్తోంది. తెగిన డీఎన్‌ఏ సరిగ్గా అతుక్కుంటే గొడవ లేదు, తప్పుగా అతుక్కుని కణం బతికి బయటపడితేనే సమస్య.

ఈ సీడీటీ ముక్కలాంటిదే టైఫాయిడ్ బాక్టీరియా విషంలోనూ ఉంది. డెల్టాలో టైఫాయిడ్ తెలియని ఇల్లు ఉంటుందా? వేసవిలో కాలవలు కట్టేస్తే ఊరి మంచినీళ్ళ చెరువే గతి, అందులో ఏది కలిస్తే అది తాగడమే. జ్వరం తగ్గాక కూడా కొద్దిమందిలో ఆ బాక్టీరియా పిత్తాశయంలో, ముఖ్యంగా రాళ్ళుంటే వాటి మీద పొరకట్టి, ఏళ్ళ తరబడి దాక్కుంటుంది, అలాంటివాళ్ళకి పిత్తాశయ క్యాన్సర్ ముప్పు ఎక్కువని చాలా అధ్యయనాలు చెప్పాయి. మన దేశంలో ఆ క్యాన్సర్ ఎక్కువ ఉన్నది గంగా మైదానంలో, మన దగ్గర కాదు. ఇంకో సంగతి, వైడాల్ అనే రక్తపరీక్ష పాజిటివ్ అనగానే టైఫాయిడ్ అని భయపడక్కర్లేదు, పాత ఇన్ఫెక్షన్‌కి కూడా అది పాజిటివ్ రావచ్చు, నమ్మదగింది రక్తంలోని బాక్టీరియాని ల్యాబ్‌లో పెంచి చూసే బ్లడ్ కల్చరే.

అన్నిటికంటే కొత్త కేసు కోలిబ్యాక్టిన్ అనే విషానిది. పేగుల్లో అందరికీ ఉండే ఈ-కోలై (E. coli) అనే బాక్టీరియాలో కొన్ని రకాలు దీన్ని తయారుచేస్తాయని 2006లో ఫ్రాన్స్‌ వాళ్ళు బయటపెట్టారు. 2020లో నెదర్లాండ్స్‌లో ల్యాబ్‌లో పెంచిన పేగు కణాల చిన్న ముద్దల్లోకి ఆ బాక్టీరియాని అయిదు నెలలు ఎక్కించి చూస్తే డీఎన్‌ఏలో ఒక ప్రత్యేకమైన మార్పుల వరస కనిపించింది, అదే వరస కొంతమంది పేగు క్యాన్సర్ రోగుల్లోనూ దొరికింది. వరద తీశాక గోడ మీద మరక చూసి నీళ్ళెంతదాకా వచ్చాయో చెప్పినట్టు, బాక్టీరియా పోయినా గుర్తు ఉండిపోతుందన్నమాట. 2025లో 11 దేశాలకి చెందిన 981 మంది పేగు క్యాన్సర్ రోగుల గడ్డల డీఎన్‌ఏ చదివితే, ఆ గుర్తులు 70 దాటినవాళ్ళ కంటే 40 లోపువాళ్ళలో 3.3 రెట్లు ఎక్కువ ఉన్నాయట. చిన్నప్పుడే, పదేళ్ళలోపే పడి ఉంటాయని వాళ్ళ అంచనా.

కష్టమంతా అక్కడే. జబ్బు బయటపడే నాటికి బాక్టీరియా అక్కడ ఉండకపోవచ్చు, ఉన్నా అది కారణమో లేక క్యాన్సర్ వచ్చాక చేరిందో చెప్పడం కష్టం. అందుకే గ్రూప్ 1లో ఉన్న బాక్టీరియా హెచ్ పైలోరి ఒక్కటే, మిగతావన్నీ గట్టి అనుమానాలు. హెచ్ పైలోరి విషయంలోనూ, మన దేశంలో అది చాలామందిలో ఉంది కానీ పొట్ట క్యాన్సర్ ఆ లెక్కన లేదు. రకాన్ని బట్టి, మనిషిని బట్టి, తిండిని బట్టి మారుతుంది. లంక పొగాకు చుట్ట కాలుస్తూ బాక్టీరియా గురించి దిగులుపడటం మాత్రం తెలివైన పని కాదు.

మన వాళ్ళ పేరు ఒకటి ఇందులో చెప్పుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, స్ప్రూ అనే పేగు జబ్బుతో అన్నదమ్ములిద్దరు పోయారు, ఆయనకీ అదే వచ్చి బతికి బయటపడ్డారు. తర్వాత అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన టీమే ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది, దాన్ని అడ్డుకునే మందుతో పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి 1947-48లో వైద్యం మొదలైంది, మొదటి టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ కూడా 1948లో అక్కడి నుంచే వచ్చింది. స్ప్రూకి ఇప్పుడిచ్చేది ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. హెచ్ పైలోరికిచ్చే ఒక కోర్సులోనూ టెట్రాసైక్లిన్ ఉంటుంది.

ఆ కోర్సు మెడికల్ షాపులో అడిగి మింగేది కాదు, సగంలో ఆపితే మందులకి లొంగని రకం మిగులుతుంది. గ్యాస్ అంటూ ఏళ్ళ తరబడి బిళ్ళలు మింగేవాళ్ళు డాక్టర్‌ని అడిగి ఊపిరి టెస్టో, మలం టెస్టో చేయించుకోవచ్చు. పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ బిళ్ళలు మాత్రం టెస్టుకి రెండు వారాల ముందు, యాంటీబయాటిక్‌లు నాలుగు వారాల ముందు ఆపాలి, లేకపోతే బాక్టీరియా ఉన్నా లేదనే రావచ్చు.