నీళ్లు తాగని చెట్టు

అనంతపురం

చిట్టితల్లికి తాతయ్య ఆశీస్సులు. చదివాక ఈ ఉత్తరం అన్నయ్యకు కూడా ఇవ్వు.

మొన్న ఫోనులో నువ్వు చెప్పిన సంగతి నన్ను వదలడం లేదు. అమెరికాలో మీరు ఆడే జియోక్యాషింగ్ వేటలో, అంటే ఎవరో దాచిన డబ్బాను ఫోను సాయంతో వెతికే ఆటలో, పొడుపుకథలు విప్పితే అక్షాంశం, రేఖాంశం వచ్చాయనీ, చివరి ఆనవాలు "నీళ్లు తాగని చెట్టు" అనీ, తీరా వెళ్తే అది దేవదారు వేషం వేసిన సెల్‌ఫోను టవరనీ అన్నావు. "అంత పెద్ద ఊళ్లో సరిగ్గా ఆ చెట్టు కిందికే ఫోను ఎలా తీసుకెళ్లింది?" అని అడిగావు.

ఎద్దును పలుపుతో గుంజకు కట్టేశామనుకో. పలుపు బిగిసేదాకా లాగి నడిస్తే అది గుండ్రంగా తిరుగుతుంది. ఇంకో గుంజ నుంచి రెండో పలుపు కూడా కట్టు. రెండూ బిగిసి ఉండాలంటే ఎద్దు రెండే చోట్ల నిలబడగలదు. మూడోది కూడా కడితే ఒక్క చోటే. నీ ఫోనే ఆ ఎద్దు. గుంజలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు. రేడియో సంకేతం బయలుదేరి చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి ఫోను పలుపు పొడవు లెక్కగడుతుంది. ఫోను గడియారం అంత నికరమైనది కాదు కనుక, దాన్ని సరిదిద్దడానికి నాలుగో గుంజ కావాలి. ఈ గుంజలు పరుగెత్తుతూనే ఉంటాయి. అయినా పలుపులు చిక్కుపడవు, ఎద్దు మెడ ఒరుసుకుపోదు!

నా పదో ఏట గోలీల డబ్బాను మా అన్న కంట పడకుండా వేరుశనగ చేలో పాతిపెట్టాను. వేపచెట్టు నుంచి నలభై అడుగులు, బావి గట్టు నుంచి ముప్పై అని పలక మీద రాసుకున్నాను. వారం తర్వాత ఎంత తవ్వినా డబ్బా లేదు. ఏడుస్తూ వస్తే మా జేజి పలక చూసి, "చెట్టుకూ బావికీ అటుపక్కన కూడా అన్నే అడుగులు వస్తాయి కదరా" అంది. అక్కడే దొరికింది. తుప్పుపట్టిన మూతను గరిటె కాడతో లేపితే, గోలీలు ఎర్రమట్టి పట్టి చల్లగా తగిలాయి. మూడో గుంజ ఎందుకో నాకు ఆ రోజే తెలిసింది.

జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలుపుతున్న తప్పును అమెరికా ప్రభుత్వం 2000 మే 2న తీసేసింది. అంతకుముందు వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. మర్నాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్‌లో ఒక బకెట్ దాచి, దాని చోటు అందరికీ చెప్పాడు. అందులో పుస్తకాలు, బీన్స్ డబ్బాతో పాటు ఒక ఉండేలు కూడా పెట్టాడట. ఉండేలు దాచిన మనిషి నాకు ఎంతో దగ్గరివాడనిపించాడు. మీ ఆట అలా మొదలైందే. దొరికిన డబ్బాలోంచి ఒక వస్తువు తీసుకుంటే దానికి సమానమైనదో, మించినదో పెట్టాలి. ఎవరూ చూడకపోయినా ఆ నియమం తప్పకమ్మా. నీ వెనక ఇంకో పిల్ల ఆశగా వస్తుంది.

ఇక్కడ కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను సుమారు 5 ఎకరాల్లో పరుచుకుంది. ఊడలన్నీ మానులై, ఒక్క చెట్టే అడవిలా కనిపిస్తుంది. వచ్చినప్పుడు తీసుకెళ్తాను.

ఆ టవరు మీద పక్షులు గూడు కడతాయా అని కూడా అడిగావు. కొమ్మలకున్న ఆకులు ప్లాస్టిక్కువి, రేడియో తరంగాలు వాటిలోంచి దాటిపోతాయి. పిట్టలకు అవి నచ్చుతాయో లేదో ఇక్కడ కూర్చుని నేనెలా చెప్పను? కంచె దాటకుండా, సాయంత్రం పిట్టలు గూటికి చేరే వేళ వెళ్లు. కింద పుల్లలు, ఈకలు, రెట్టలు ఉన్నాయా చూడు. ఎన్ని పిట్టలు వాలాయో, ఎన్ని ఉండిపోయాయో లెక్కపెట్టి నాకు రాసి పంపు.

మీ తాతయ్య