సెర్బియా కప్పు బెల్‌గ్రేడ్ ఎందుకు దాటదు?

2016 నుంచి 2025 వరకు సెర్బియా దేశపు ఫుట్‌బాల్ నాకౌట్ పోటీ అయిన సెర్బియా కప్పు ఫైనళ్ళు పది జరిగాయి. తొమ్మిదిసార్లు కప్పు రాజధాని బెల్‌గ్రేడ్ క్లబ్బులైన రెడ్ స్టార్‌కో పార్టిజాన్‌కో దక్కింది. 2016 నుంచి 2019 వరకు వరుసగా నాలుగు పార్టిజాన్‌వి, 2021 నుంచి 2025 వరకు వరుసగా ఐదు రెడ్ స్టార్‌వి. మధ్యలో 2020లో ఒక్కసారి నోవీసాద్ నగరపు క్లబ్బు వోయ్వోదినా, నీష్‌లో జరిగిన ఫైనల్లో పార్టిజాన్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించింది.

డబ్బున్న రెండు పెద్ద క్లబ్బులు గెలవడంలో వింత లేదని అనిపించవచ్చు. కానీ ఇదేదో ఈ పదేళ్ళలో వచ్చిన జబ్బు కాదు. సెర్బియా యుగోస్లావియాలో భాగంగా ఉన్న రోజుల్లో, 1947లో యుగోస్లావియా కప్పు మొదలైనప్పటి నుంచి 2025 దాకా లెక్క చూస్తే, సెర్బియాలో బెల్‌గ్రేడ్ బయటి క్లబ్బుల్లో కప్పు ఎత్తినవి మూడే: 2003లో స్మెదెరెవో పట్టణపు సార్టిడ్, 2013లో యాగోదినా, 2014లోనూ 2020లోనూ వోయ్వోదినా. డెబ్బై ఎనిమిదేళ్ళలో నాలుగు కప్పులు. చిన్న ఊరి జట్టు ఒక్క మధ్యాహ్నం బాగా ఆడితే పెద్దవాళ్ళను ఇంటికి పంపగలిగే పోటీలో ఈ లెక్క రావడానికి కారణాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ వచ్చాయి.

మొదటి కారణం 1945 నాటిది. యుద్ధానికి ముందు బెల్‌గ్రేడ్‌లో పెద్ద క్లబ్బులు వేరు. 1911లో పుట్టిన బీఎస్‌కే ఐదుసార్లు లీగు గెలిచింది. 1913లో పుట్టిన ఎస్‌కే యుగోస్లావియా 1924, 1925ల్లో వరుసగా గెలిచింది. కొత్త ప్రభుత్వం వచ్చాక పాత క్లబ్బులు రద్దయ్యాయి. 1945 మార్చి 4న రెడ్ స్టార్, అదే ఏడాది అక్టోబరు 4న సైన్యపు క్లబ్బుగా పార్టిజాన్ ఏర్పడ్డాయి. ఎస్‌కే యుగోస్లావియా మైదానం రెడ్ స్టార్‌కు, బీఎస్‌కే మైదానం పార్టిజాన్‌కు దక్కాయి. ఈ రోజుకీ రెండూ ఆ స్థలాల్లోనే ఆడుతున్నాయి. కాబట్టి ఈ రెండు క్లబ్బులూ సున్నా నుంచి పైకి వచ్చినవి కావు. రాజధానిలో స్థలం, రాజ్యం అండ, దేశం నలుమూలల నుంచి ఆటగాళ్ళను రప్పించుకునే దారి మొదటి రోజు నుంచే వాటికి ఉన్నాయి.

బీఎస్‌కే పూర్తిగా చావలేదు. మెతలాత్స్ అనే పేరుతో మళ్ళీ మొదలై, 1950లో పాత పేరు తిరిగి పెట్టుకుని, 1957లో ఓఎఫ్‌కే బెల్‌గ్రేడ్ అయింది. 1953, 1955, 1962, 1966ల్లో కప్పు గెలిచింది. 1962 గెలుపుతో యూరప్ కప్ విన్నర్స్ కప్‌కు వెళ్ళి సెమీఫైనల్ దాకా ఆడి, ఆ ఏడాది టైటిల్ గెలిచిన టాటెన్‌హామ్ చేతిలో ఓడింది. ఇల్లూ వాకిలీ పోయిన క్లబ్బు అంత దూరం వెళ్ళడం చిన్న సంగతి కాదు. 1966 తర్వాత దానికి కప్పు దక్కలేదు.

ఆ రోజుల్లో పోటీకి యుగోస్లావియా అధినేత పేరే, మార్షల్ టిటో కప్పు. చాలా ఏళ్ళు ఫైనల్‌ను టిటో పుట్టినరోజు వేడుక జరిగే మే 25కు అటూ ఇటూగా బెల్‌గ్రేడ్‌లో పెట్టేవారు. 1947 నుంచి 1991 వరకు 43 కప్పులు జరిగాయి. రెడ్ స్టార్ 12, హైదుక్ స్ప్లిట్ 9, డినామో జాగ్రెబ్ 7, పార్టిజాన్ 5, ఓఎఫ్‌కే 4, రియేకా, వెలేజ్ మోస్తార్ చెరి రెండు, స్కోప్యే నుంచి వార్దార్ ఒకటి, బాన్యాలూకా నుంచి బోరాత్స్ ఒకటి. బోరాత్స్ 1988లో రెండో డివిజన్‌లో ఉంటూనే ఫైనల్లో రెడ్ స్టార్‌ను 1-0తో ఓడించింది. ఈ జాబితాలో బెల్‌గ్రేడ్ క్లబ్బులవి 21, యుగోస్లావియాలోని ఇతర గణరాజ్యాలవి 22. అంటే టిటో కప్పు నిజంగానే దేశమంతా తిరిగింది, కానీ సెర్బియాలోని మిగతా ఊళ్ళకు మాత్రం ఒక్కసారీ రాలేదు. నోవీసాద్, నీష్, క్రగుయేవాత్స్, సుబోతిత్సా, అన్నీ సున్నా. సెర్బియా పల్లెల్లోంచి, పట్టణాల్లోంచి వచ్చిన మంచి ఆటగాడు బెల్‌గ్రేడ్ రైలెక్కేవాడు. క్రొయేషియాలో అయితే స్ప్లిట్‌కో జాగ్రెబ్‌కో రియేకాకో వెళ్ళే వీలుండేది.

వోయ్వోదినా బలం తక్కువదేమీ కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోని భారత జట్టు యుగోస్లావియా చేతిలో 1-4తో ఓడింది. ఆ రోజు గోల్ కొట్టిన వాళ్ళలో తోదోర్ వెసెలినోవిచ్ వోయ్వోదినా వాడే. అలాంటి ఆటగాళ్ళున్న క్లబ్బు 1951లో కప్పు ఫైనల్ ఓడిపోయి, తొలి కప్పు కోసం 2014 దాకా ఎదురుచూసింది.

రెండో మలుపు 1991-92. 1991 మే 8న బెల్‌గ్రేడ్‌లో జరిగిన ఫైనల్లో అలెన్ బోక్షిచ్ గోల్‌తో హైదుక్ 1-0తో రెడ్ స్టార్‌ను ఓడించి, ట్రోఫీని స్ప్లిట్‌కు తీసుకువెళ్ళిపోయింది. ఆ ట్రోఫీ అక్కడే ఉండిపోయింది. ఓడిన రెడ్ స్టార్ మూడు వారాలకు, మే 29న బారీలో మార్సెయ్‌ను పెనాల్టీలతో ఓడించి యూరోపియన్ కప్ గెలిచింది. ఆ మరుసటి ఏడాదికల్లా క్రొయేషియా, స్లొవేనియా క్లబ్బులు లేవు. 1992 మే 30న ఐక్యరాజ్య సమితి ఆంక్షలు వచ్చి, సెర్బియా క్లబ్బులకు యూరప్ తలుపులు కొన్నేళ్ళు మూసుకుపోయాయి.

చిన్న క్లబ్బులకు అవకాశం పెరగాల్సిన సమయం అది. నలభై ఏళ్ళ పోటీదారులు హైదుక్, డినామో, రియేకా లేరు. జరిగింది వేరు. 1992 నుంచి 2002 వరకు పదకొండు కప్పులూ రెడ్ స్టార్, పార్టిజాన్‌లే పంచుకున్నాయి. బలమైన బయటి జట్లు పోయాక మిగిలినవాటికీ ఈ రెండింటికీ మధ్య దూరం ఇంకా పెరిగింది. ఆంక్షల కాలంలో ద్రవ్యోల్బణం ఫ్యాక్టరీలను ముంచింది. ఫ్యాక్టరీలు మునిగితే సెర్బియాలో ఊరి క్లబ్బులూ మునుగుతాయి. ఎందుకో అర్థం కావాలంటే క్లబ్బులు ఎలా బతుకుతాయో చూడాలి.

సెర్బియాలో చాలా క్లబ్బులు కంపెనీలు కావు, పౌరుల సంఘాలు. వాటాలు లేవు, యజమాని లేడు. టికెట్ల మీద వచ్చేది కొద్ది. డబ్బు వచ్చే దారులు మూడు: పురపాలక సంఘం, ఊళ్ళోని ఫ్యాక్టరీ, ఆటగాళ్ళ అమ్మకం. స్మెదెరెవోలో ఉక్కు కర్మాగారం సార్టిడ్, క్లబ్బు పేరూ అదే. సెవోయ్నోలో రాగి రేకుల మిల్లు. లుచానిలో పేలుడు పదార్థాల ఫ్యాక్టరీ. గోర్ని మిలానోవాత్స్‌లో వంటపాత్రల కంపెనీ మెతలాత్స్, క్లబ్బుకూ అదే పేరు (బీఎస్‌కే ఒకప్పుడు పెట్టుకున్న పేరు వేరే సంగతి). ఫ్యాక్టరీకి ఆర్డర్లున్న నాలుగేళ్ళలో జట్టు పైకి లేస్తుంది. ఫ్యాక్టరీ చేతులు మారగానే జీతాలు ఆగుతాయి, ఆటగాళ్ళు వెళ్ళిపోతారు.

సార్టిడ్ కథ అచ్చంగా అదే. 2003లో ఫైనల్లో రెడ్ స్టార్‌ను 1-0తో ఓడించి, సెర్బియాలో బెల్‌గ్రేడ్ బయట కప్పు గెలిచిన తొలి క్లబ్బు అయింది. దివాలా తీసిన కర్మాగారాన్ని అదే ఏడాది యూఎస్ స్టీల్ కొన్నది, క్లబ్బు పేరు స్మెదెరెవోగా మారింది. 2012లో ఆ కంపెనీ కర్మాగారాన్ని ఒక్క డాలరుకు ప్రభుత్వానికి అప్పగించి వెళ్ళిపోయింది. 2013లో క్లబ్బు పై డివిజన్ నుంచి పడిపోయింది. రెండేళ్ళ తేడాతో మరో ఉదాహరణ: 2005లో బెల్‌గ్రేడ్ శివారు క్లబ్బు జెలెజ్నిక్ కూడా రెడ్ స్టార్‌ను 1-0తోనే ఓడించి కప్పు ఎత్తింది, ఆ వేసవిలోనే నగరంలోని మరో క్లబ్బు వోజ్దోవాత్స్‌లో విలీనమై పేరే లేకుండా పోయింది. 2004లో ఫైనల్ ఆడిన బుదుచ్‌నోస్ట్ క్లబ్బు బనాట్‌స్కి ద్వోర్ అనే పల్లెది. 2006లో అది జ్రెన్యానిన్ పట్టణ క్లబ్బుతో కలిసి బనాట్ అయింది. 2009లో ఫైనల్ చేరిన సెవోయ్నో ఏడాదికి ఉజిత్సెలోని స్లోబొదాలో కలిసిపోయింది.

ఈ విలీనాలు చూసి సెర్బియా అభిమానులు బాధపడటంలో అర్థముంది. కప్పు ఫైనల్ అంటే ఒక ఊరికి తరతరాలు చెప్పుకునే రోజు. ఆ రోజును చూసిన క్లబ్బు మరుసటి ఏడాదికి లేకపోతే చెప్పుకోవడానికి పేరు కూడా మిగలదు.

2006లో మాంటెనెగ్రో విడిపోయాక పోటీ పేరు సెర్బియా కప్పు అయింది. పద్ధతి సూటిగా ఉంటుంది. వోయ్వోదినా (ఇక్కడ క్లబ్బు కాదు, ప్రాంతం), బెల్‌గ్రేడ్, పశ్చిమ సెర్బియా, తూర్పు సెర్బియా అనే నాలుగు ప్రాంతీయ సంఘాల కప్పు విజేతలు ప్రాథమిక రౌండ్‌కు వస్తాయి. అది దాటితే 32 క్లబ్బుల ప్రధాన దశ. అక్కడి నుంచి ఐదు రౌండ్లు గెలిస్తే కప్పు. ఒక్క మ్యాచ్‌తో తేలుతుంది, 90 నిమిషాల్లో సమానమైతే అదనపు సమయం లేకుండా నేరుగా పెనాల్టీలు. చిన్న జట్టుకు ఇది మేలే. పెద్ద జట్టు బెంచీ మీదున్న బలం అదనపు అరగంటలోనే ఎక్కువగా పనిచేస్తుంది, ఆ అరగంట ఇక్కడ లేదు. కీడు సెమీఫైనళ్ళ దగ్గర ఉండేది. చాలా ఏళ్ళు అవి రెండు లెగ్‌లుగా, అంటే ఇరుజట్ల మైదానాల్లో ఒక్కో మ్యాచ్‌గా జరిగాయి. ఒక రోజు అదృష్టంతో గెలిచిన ఊరి జట్టు రెండు వారాల తర్వాత బెల్‌గ్రేడ్‌లో తేలిపోయేది.

మైదానం సంగతీ ఉంది. కింది డివిజన్ల మైదానాల్లో చాలావాటికి ఫ్లడ్‌లైట్లు ఉండవు. మ్యాచ్ వారం మధ్యలో పగలే పెట్టాలి, పనికి వెళ్ళేవాళ్ళు రాలేరు. రెడ్ స్టార్ వచ్చిన రోజే గ్యాలరీ సగం ఖాళీగా ఉంటే క్లబ్బుకు ఏడాదిలో వచ్చే ఒకే ఒక్క పెద్ద టికెట్ డబ్బు పోయినట్టే.

అయినా 2013, 2014, 2015 మూడేళ్ళు వరుసగా కప్పు పెద్ద రెండింటికీ దక్కలేదు. యాగోదినా 1-0తో వోయ్వోదినాను ఓడించింది. మరుసటి ఏడాది అవే రెండు జట్లు తలపడితే వోయ్వోదినా 2-0తో గెలిచి తొలి కప్పు అందుకుంది. అంతకు ముందు అది 2007, 2010, 2011, 2013ల్లో ఫైనల్ ఓడింది. వాటిలో 2011 ఫైనల్ మరీ చేదుది: రిఫరీ నిర్ణయాల మీద కోపంతో చివరి పది నిమిషాల్లో జట్టు మైదానం విడిచి వెళ్ళిపోయింది, పార్టిజాన్‌కు 3-0గా గెలుపు ఇచ్చారు. 2015లో చుకారిచ్కి 1-0తో పార్టిజాన్‌ను ఓడించింది. అదీ బెల్‌గ్రేడ్ క్లబ్బే, కానీ పౌర సంఘం పద్ధతి వదిలి ప్రైవేటు యజమాని చేతికి వెళ్ళిన తొలి సెర్బియా క్లబ్బు. ముగ్గురిలో యాగోదినా 2016లో పై డివిజన్ నుంచి దిగిపోయింది. మిగతా రెండూ నిలబడ్డాయి: ఒకదానికి పెద్ద నగరం ఉంది, మరొకదానికి యజమాని ఉన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఎఫా నియమం ఒకటి మారింది. ఇప్పటి సమస్యలో దీని వాటా గురించి తక్కువ మాట్లాడుకుంటారు. పాత నియమం ప్రకారం, కప్పు విజేత లీగు కూడా గెలిచి ఛాంపియన్స్ లీగ్‌కు వెళ్తే, కప్పు ద్వారా వచ్చే యూరప్ చోటు ఫైనల్లో ఓడిన జట్టుకు దక్కేది. 2009లో పార్టిజాన్ రెండూ గెలిచింది కాబట్టే రెండో డివిజన్ సెవోయ్నో యూరప్ రెండో స్థాయి పోటీ యూరోపా లీగ్ క్వాలిఫయింగ్‌కు వెళ్ళి, లిథువేనియా క్లబ్బు కౌనస్‌ను దాటి, ఫ్రాన్స్ క్లబ్బు లీల్‌తో ఆడింది. 2015-16 నుంచి ఆ చోటు ఓడిన ఫైనలిస్టుకు కాక, లీగు పట్టికలో తర్వాతి క్లబ్బుకు వెళ్తోంది.

రెడ్ స్టార్ ఏటా రెండూ గెలుస్తున్న దేశంలో ఈ మార్పు ఏం చేస్తుందో 2024లో తేలింది. లోజ్నిత్సాలో జరిగిన ఫైనల్లో రెడ్ స్టార్ 2-1తో వోయ్వోదినాను ఓడించింది. కప్పు చోటు లీగులో మూడో స్థానంలో ఉన్న బాచ్కా తొపోలా క్లబ్బు టీఎస్‌సీకి వెళ్ళింది. అప్పట్లో ఆ చోటు విలువ పెద్దది: యూరోపా లీగ్ ప్లే-ఆఫ్ నుంచే మొదలు, అక్కడ ఓడినా మూడో స్థాయి పోటీ అయిన కాన్ఫరెన్స్ లీగ్ ప్రధాన దశ ఖాయంగా ఉండేది. టీఎస్‌సీ మక్కబీ టెల్ అవీవ్ చేతిలో ఓడి కూడా ఆ దశకు వెళ్ళింది. 2023లో చుకారిచ్కి కూడా కప్పు ఫైనల్ ఓడి, లీగులో మూడోది కావడం వల్లే అదే దారిలో వెళ్ళింది.

చిన్న క్లబ్బు కోచ్ దీన్నుంచి తేల్చుకునేది ఒక్కటే. సెప్టెంబరు బుధవారం కప్పు మ్యాచ్‌కు మొదటి పదకొండుమందిని దింపి, ఆదివారం లీగు మ్యాచ్‌కు అలసిన కాళ్ళతో వెళ్ళడం దండగ. లీగులో మూడో స్థానం కోసమో, కిందికి పడిపోకుండా ఉండటం కోసమో బలం దాచుకుంటాడు. రెడ్ స్టార్, పార్టిజాన్‌లకు రెండు జట్ల మందం ఉంటుంది, వాటికి ఈ లెక్క పట్టదు.

లైసెన్సు మరో గండం. యూరప్‌లో ఆడే క్లబ్బుకు ఆటగాళ్ళ జీతాలు, ఇతర క్లబ్బుల బాకీలు, పన్నులు గడువు దాటి మిగలకూడదు. దేశ ఫుట్‌బాల్ సంఘంలో సభ్యత్వం కనీసం మూడేళ్ళు వరుసగా ఉండాలి. అంటే బాకీలు తీర్చలేక మరో క్లబ్బులో కలిసి కొత్తపేరు పెట్టుకుంటే, బాకీ తీరినా యూరప్ దారి మూసుకుంటుంది. 2000ల్లో ఫైనల్ తర్వాత విలీనమైన క్లబ్బులు తొక్కిన దారి ఈ రోజు ఎవరికీ పనికిరాదు.

యూఎఫా నియమం బెల్‌గ్రేడ్ చేతిలో లేదు. దేశ సంఘం చేతిలో ఉన్నవి మాత్రం ఉన్నాయి. ఫైనల్‌ను రాజధాని బయట పెట్టడం వాటిలో ఒకటి: 2016లో గోర్ని మిలానోవాత్స్, 2020లో నీష్, 2024లో లోజ్నిత్సా. ఇంకా చేయగలిగింది, కింది డివిజన్ జట్టుకు ఎప్పుడూ సొంత మైదానం, వెలుగు లేని చోట్ల అద్దె ఫ్లడ్‌లైట్ల ఖర్చు, ఓడిన ఫైనలిస్టుకు యూరప్ చోటు బదులు సంఘం నిధి నుంచి నగదు. యాగోదినా 2013లో కప్పుతో ఊరికి తిరిగి వచ్చాక రష్యా క్లబ్బు రుబిన్ కజాన్‌తో యూరోపా లీగ్‌లో రెండు మ్యాచ్‌లు ఆడింది, రెండూ ఒక్క గోల్ తేడాతోనే ఓడింది. మూడేళ్ళకు అది రెండో డివిజన్‌లో ఉంది.