పేరు నాయనది, సంతకం అమ్మది

2025 జూలై 10న రాష్ట్రమంతటా జరిగిన మెగా తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశానికి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, విద్యాశాఖ మంత్రి నారా లోకేశ్ ఉమ్మడి అనంతపురం జిల్లాలోని కొత్తచెరువుకు వచ్చారు. పిలుపు తల్లిదండ్రులిద్దరికీ అందినా, ఈ ప్రాంతపు ప్రాథమిక పాఠశాలల్లో మామూలుగా జరిగే సమావేశాలకు వచ్చి వరండాలో కూర్చునేది ఎక్కువగా తల్లులు, వాళ్ళకు వీలుకాకపోతే జేజిలు, అంటే అవ్వలు. ప్రవేశ రిజిస్టరులో ఉండేది నాయన పేరు. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకమో వేలిముద్రో అమ్మది. దీన్ని తండ్రుల నిర్లక్ష్యమని తేల్చేయడం సులువే గాని, ఈ సీమలో బడికీ తండ్రికీ ఉన్న సంబంధం రెండు వందల ఏళ్ళలో నడిచిన దారి తెలిస్తే అంత తొందరగా తీర్పు చెప్పలేము.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ పాఠశాలల లెక్క తీయమని కలెక్టర్లను ఆదేశించాడు. అనంతపురం అప్పటికి ప్రత్యేక జిల్లా కాదు, బళ్ళారిలో భాగం, విడివడింది 1882లో. బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు లెక్కకు వచ్చారు. బడుల్లో 235 కన్నడానివి, 226 తెలుగువి. ఆడపిల్లలు 60 మంది మాత్రమే. బిడ్డకు ఐదేళ్ళు నిండగానే తల్లిదండ్రులు అయ్యవారినీ, ఆ బడి పిల్లలనూ తమ ఇంటికే పిలిచి, వినాయకుడి ముందు కూర్చోబెట్టి, బియ్యంలో బిడ్డ వేలితో అక్షరం దిద్దించే తంతును ఆయన వివరంగా రాశాడు. అంటే చదువు మొదలయ్యేది ఇంట్లో, ఇంటి ఖర్చుతో. అయ్యవారి బతుకు కూడా పిల్లల ఇళ్ళ నుంచి వచ్చే జీతం మీదనే ఆధారపడి ఉండేది. ఆ జీతం చెల్లించే చేయి తండ్రిది కాబట్టి అడిగే హక్కూ ఆయనకే ఉండేది. దాన్ని ఇప్పటి అర్థంలో భాగస్వామ్యం అనలేము, ఆ హక్కు కొన్ని కులాల తండ్రులకే, అదీ మగపిల్లల విషయంలోనే దక్కింది కూడా.

అదే నివేదికలో క్యాంప్‌బెల్ ఇంకో మాట చేర్చాడు. మధ్యతరగతి, పేద కుటుంబాలు చదువు ఖర్చు భరించలేకపోతున్నాయనీ, పిల్లల చేతులు కాస్త పనికి వచ్చే వయసు రాగానే వాళ్ళ సాయం ఇంటికి అవసరమవుతోందనీ ఆ మాట సారాంశం. వేరుశనగ కాలానికి పిల్లలు బడి మానేయడం చూసిన అనంతపురం ఉపాధ్యాయులెవరికీ ఇది పాత సంగతిగా తోచదు.

1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం, 1959లో వచ్చిన పంచాయతీ సమితులు బడిని క్రమంగా ప్రభుత్వం చేతిలోకి తెచ్చాయి. బడి అందరిదీ అయింది, ఆడపిల్లలకూ దళిత బిడ్డలకూ తలుపు తెరుచుకుంది. ఆ మేలు ముందు మరేదీ నిలవదు. కాకపోతే అయ్యవారి జీతం సమితి నుంచి రావడం మొదలయ్యాక తండ్రికి బడిలో చేయవలసిన పని ఏదీ మిగల్లేదు, కొత్త పని ఎవరూ అప్పగించలేదు.

ఆ ఖాళీని వలస పెద్దది చేసింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో వేరుశనగ పోతే తండ్రి బెంగళూరులో బేల్దారి పనికి పోతాడు. కర్నూలు పడమటి పల్లెలైన కోసిగి, మంత్రాలయం వైపు మిరప కోతల సుగ్గికి ఇల్లిల్లూ గుంటూరు దారి పడుతుంది. పిల్లలను వెంట తీసుకుపోకుండా ఉండేందుకే అక్కడ సీజనల్ హాస్టళ్ళు పెట్టవలసి వచ్చింది. రాయచోటి, రాజంపేట ప్రాంతాల్లో తండ్రి కువైట్‌లో ఉంటాడు, ఫీజు డబ్బు అక్కడి నుంచి వస్తుంది, బిడ్డ ఏ తరగతిలో ఉన్నాడో ఫోనులో తెలుసుకుంటాడు. ఒక రకంగా ఇది 1823 నాటి తండ్రే: జీతం చెల్లించేవాడు, బడి ముఖం చూడనివాడు.

చట్టాలు తల్లిదండ్రులను మళ్ళీ బడిలోకి పిలిచాయి. 1998లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సామాజిక భాగస్వామ్య చట్టంతో పాఠశాల కమిటీలు వచ్చాయి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలనీ, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలనీ చెప్పింది. 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి పథకం కింద ఏటా 15,000 రూపాయల వరకు, తర్వాత 2025లో తల్లికి వందనం పథకం సొమ్ము నేరుగా తల్లి ఖాతాలో పడ్డాయి. డబ్బు తల్లి చేతికి ఇవ్వడం సరైన నిర్ణయమనే నా అభిప్రాయం, సారా చూసిన ఊళ్ళకు కారణం వివరించనక్కరలేదు. అయితే ఆధార్ పట్టుకుని గ్రామ సచివాలయానికీ బడికీ తిరిగే పని కూడా దాంతోనే ఆమె మీద పడింది, బడి అమ్మ వ్యవహారమన్న అభిప్రాయం ఇంట్లో ఇంకాస్త గట్టిపడింది.

తండ్రి రావడం వల్ల ప్రత్యేకంగా ఒరిగేదేమిటన్న ప్రశ్నకు అమెరికా జాతీయ విద్యా గణాంక కేంద్రం 1997లో ఒక జవాబు ప్రచురించింది. తండ్రి బడి విషయాల్లో పాలుపంచుకున్న పిల్లలకు మంచి గ్రేడ్లు వచ్చే అవకాశం ఎక్కువని, తల్లి పాత్రను వేరుచేసి చూసినా ఆ తేడా నిలిచిందని 1996 నాటి సర్వే ఆధారంగా చెప్పింది. ఆ నివేదికలో మనకు మరింత పనికొచ్చేది వేరే ఉంది: ఇద్దరూ ఉన్న ఇళ్ళలో వెనక ఉండే తండ్రులు, ఒంటరిగా పిల్లలను పెంచుతున్నప్పుడు ఒంటరి తల్లులకు దాదాపు సమానంగా బడికి వెళ్ళారు. వెళ్ళేందుకు వేరే మనిషి లేనప్పుడు తండ్రి కదిలాడన్నమాట.

కొత్తచెరువు సమావేశం జరిగిన 2025 జూలై 10 గురువారం. వేరుశనగ విత్తే నెల అది. వాన పడి నేల విత్తనానికి తగినంత తడిసి పదును దొరికిన రోజున గొర్రు కట్టకపోతే ఆ ఏడు సేద్యమే తప్పుతుంది. సమావేశాల తేదీలు నిర్ణయించే అధికారుల క్యాలెండరులో పదునుకు ఇంకా చోటు దొరకలేదు.