బికినీ బూడిద, 23 మంది జాలర్లు: అపోహలు - వాస్తవాలు

ఆసుపత్రిలో రేడియేషన్ భద్రత చూడటం నా ఉద్యోగం. కొత్తగా చేరిన టెక్నీషియన్లకు యంత్రాల కంటే ముందు ఒక జపాన్ చేపల పడవ గురించి చెబుతాను. యుద్ధం ముగిసిన తొమ్మిదేళ్లకు, 1954 మార్చి 1 తెల్లవారుజామున, అమెరికా పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవిలో హైడ్రోజన్ బాంబును పరీక్షగా పేల్చింది. అప్పుడు దాయిగో ఫుకుర్యూ మారు అనే చెక్క పడవ ట్యూనా వేటలో ఉంది. అందులో 23 మంది ఉన్నారు.

అపోహ: జాలర్లు నిషేధిత ప్రాంతంలోకి చొరబడి ముప్పు కొని తెచ్చుకున్నారు.

వాస్తవం: పడవ బికినీకి సుమారు 160 కిలోమీటర్ల దూరంలో, అమెరికా ప్రకటించిన ప్రమాద హద్దుకు బయటే ఉంది. లెక్క తప్పింది బాంబు చేసినవాళ్లకు. సుమారు 6 మెగాటన్నులు (మెగాటన్ను అంటే పది లక్షల టన్నుల టీఎన్‌టీ పేలుడు శక్తి) అనుకున్నది 15 మెగాటన్నులయింది. అయినా అమెరికా అణుశక్తి సంఘం అధ్యక్షుడు లూయిస్ స్ట్రాస్ పడవ హద్దు లోపలే ఉండి ఉంటుందన్నాడు. తర్వాత ఆ హద్దునే అనేక రెట్లు పెంచారు.

అపోహ: పేలుడు వేడికి కాలిపోయారు.

వాస్తవం: వాళ్లు చూసింది పడమట లేచిన వెలుగు, కొన్ని నిమిషాలకు విన్నది శబ్దం. అంత దూరంలో వేడి వాళ్లను తాకలేదు. రెండు మూడు గంటల తర్వాత తెల్లని పొడి రాలడం మొదలైంది. పేలుడుకు ఎగిరిన పగడపు దిబ్బ పిండిలా దిగుతోంది. అదేమిటో తెలియక కొందరు నాలుకపై వేసుకుని చూశారు. గాలాలు పైకి లాగుతూ గంటల తరబడి అందులోనే పనిచేశారు. పొడి జుట్టులోకి, మెడ మీదికి, నడుము కట్టు దగ్గరికి చేరింది. పుండ్లు లేచింది సరిగ్గా అక్కడే. వారం పది రోజులకు జుట్టు ఊడింది. మార్చి 14న యాయిజు రేవు చేరేసరికి ముఖాలు నల్లబడి ఉన్నాయి. పడవ నుంచి తెచ్చిన బూడిదలో టోక్యో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు సహజంగా దొరకని యురేనియం-237ను గుర్తించారు. బాంబులో మామూలు యురేనియం కూడా వాడారన్న నిర్మాణ రహస్యం అలా బయటపడింది.

అపోహ: రేడియేషన్ సోకినవాళ్లను ముట్టుకుంటే మనకూ వస్తుంది.

వాస్తవం: నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఎక్స్‌రే తీయించుకున్న తల్లి ఆ క్షణమే బిడ్డను ఎత్తుకోవచ్చు, ఆమె ఒంట్లో ఏమీ మిగలదు. (ఐసోటోపు, అంటే రేడియోధార్మిక మందు, ఇచ్చిన రోగుల జాగ్రత్తలు వేరు.) ఒంటికి అంటిన ధూళి మాత్రం పక్కవాళ్లకు అంటుతుంది, కానీ కడిగితే చాలావరకు పోతుంది. అందుకే ఆ జాలర్లకు ఆసుపత్రిలో జుట్టు గొరిగి గోళ్లు కత్తిరించారు. పీల్చినది, మింగినది కడగలేం. ఆ పడవ కూడా శుభ్రం చేశాక ఏళ్ల తరబడి మత్స్య విశ్వవిద్యాలయ విద్యార్థుల శిక్షణ నౌకగా తిరిగింది. మనుషుల విషయంలో మాత్రం లోకం అంత ఉదారంగా లేదు. మతాషిచి ఓయిషి అనే జాలరి చూపులు తట్టుకోలేక ఊరు విడిచి టోక్యోలో లాండ్రీ పెట్టుకున్నాడు.

అపోహ: దెబ్బతిన్నది ఆ ఒక్క పడవే.

వాస్తవం: ఆ ఏడాది వందల పడవల చేపల్లో రేడియోధార్మికత కనబడి పారబోశారు. మార్షల్ దీవుల్లోని రాంగెలాప్ వాసులను రెండు రోజుల తర్వాత గానీ తరలించలేదు. వాళ్లను తలుచుకునేవాళ్లు ఇప్పటికీ తక్కువే.

అపోహ: ఆ పడవ వైర్‌లెస్ ఆపరేటర్ కుబోయామా ఎందుకు చనిపోయాడో అందరూ ఒప్పుకున్నారు.

వాస్తవం: ఆయన అదే ఏడాది సెప్టెంబరు 23న, 40 ఏళ్ల వయసులో పోయాడు. జపాన్ వైద్యులు రేడియేషన్ కారణమన్నారు, అమెరికా వైపు రక్తమార్పిడితో వచ్చిన కాలేయ వ్యాధి అన్నారు. నా మట్టుకు ఇది మాటల గారడీ. రక్తం తయారుచేసే ఎముక మూలుగ దెబ్బతినకపోతే అన్నిసార్లు రక్తం ఎక్కించే అవసరం ఎందుకొస్తుంది?

అపోహ: పరిహారంతో న్యాయం జరిగింది.

వాస్తవం: 1955 జనవరిలో అమెరికా జపాన్‌కు 20 లక్షల డాలర్లు ఇచ్చింది, చట్టపరమైన బాధ్యత మాత్రం ఒప్పుకోలేదు. చేపలు అమ్ముడుపోక నష్టపోయిన ఇరుగుపొరుగుకు ఈ జాలర్లకు అందిన డబ్బు మీద కన్నుకుట్టింది. ఇక 1957లో జపాన్ తెచ్చిన అణుబాంబు బాధితుల వైద్య చట్టం హిరోషిమా, నాగసాకి వాళ్లకే వర్తించింది. ఈ జాలర్లకు అందులో చోటు దక్కలేదు.