1880 నాటి రంప ఖైదీలు సెల్యులార్ జైల్లో లేరు

1879–80లో గోదావరి మన్యంలో జరిగిన రంప తిరుగుబాటులో పట్టుబడ్డవారిలో చాలామందిని అండమాన్ పంపారు. ఆ మాట రాయగానే చాలామంది వాళ్లను సెల్యులార్ జైలు కొట్లలో కూర్చోబెట్టేస్తారు. ఆ జైలు కట్టడం మొదలైందే 1896లో, పూర్తయింది 1906లో. నడత బాగుంటే యావజ్జీవ ఖైదీని సైతం 20–25 ఏళ్లకు వదిలేవారు. అంటే 1880లో దిగినవాళ్లలో బతికి ఉన్నవాళ్లకు, జైలు గోడలు పూర్తయ్యేసరికి గడువు తీరిపోయి ఉండాలి.

అండమాన్ మొదట్లో జైలు కాదు, ఖైదీల వలస. 1858 మార్చిలో ఆ వలస సూపరింటెండెంట్ జె.పి. వాకర్ 200 మంది ఖైదీలతో దిగాడు. అడవి కొట్టి బాటలు వేసిందీ, బారకాసులు కట్టిందీ వాళ్లే. అంతకుముందు ఖైదీలు బెంకూలెన్, పెనాంగ్, మారిషస్, సింగపూర్‌లకు వెళ్లేవారు.

సెల్యులార్ జైలు వచ్చాక క్రమం మారింది. మొదట ఒంటరి కొట్లో 6 నెలలు, తోటి ఖైదీలతో కలిసి ఉండే జైల్లో ఏడాదిన్నర, తర్వాత 3 ఏళ్లు పగలు బయట చాకిరీ, రాత్రి బారకాసులో తాళం. ఇంకో 5 ఏళ్లు కాస్త కూలితో పని. పదేళ్లు నిండితే ‘టికెట్ ఆఫ్ లీవ్’, అంటే సొంతంగా సాగు చేసుకుని, పెళ్లి చేసుకుని బతికే అనుమతి. గానుగ పడ్డవాడికి రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయడం లెక్క, తగ్గితే దండన.

ఇంకో అపోహ, విశాఖ రేవు. ఇప్పుడు ఇక్కడినుంచి అండమాన్‌కు ఓడ ఉంది కనుక ఖైదీలూ ఇక్కడే ఎక్కారనుకుంటారు. మన హార్బర్ తెరిచింది 1933లో. మద్రాసు ప్రెసిడెన్సీ ఖైదీలు మద్రాసులో ఎక్కేవారు.

అండమాన్‌కు ఖైదీలను పంపడం మానేస్తామని సర్కారు 1921లోనే ప్రకటించింది. అయినా మాట నిలబడలేదు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లపై దాడులతో మొదలైన అల్లూరి పోరాటం ముగిశాక ఆయన అనుచరుడు బోనంగి పండు పడాల్‌ను అక్కడికే పంపారు. మరో అనుచరుడు గాం మల్లుదొర శిక్ష అనుభవించి బయటికొచ్చి 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. జైలునుంచి పార్లమెంటు దాకా సాగిన ఈ కథ మన ఊళ్లోనే ఎందరికి తెలుసో అనుమానమే.

ఇక తాతల జాడ వెతికేవారికి. పోర్ట్ బ్లెయిర్ కాగితాలు జపాన్ ఆక్రమణలో (1942–45) చాలావరకు పోయాయి. మిగిలిన దారులు రెండు: చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో జ్యుడీషియల్ శాఖ ఫైళ్లు, ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో హోం శాఖ పోర్ట్ బ్లెయిర్ విభాగం. ఖైదీ మెడలో వేలాడే చెక్క బిళ్లమీద నంబరు, శిక్ష తేదీ, విడుదల తేదీ ఉండేవి. రికార్డులోనూ పట్టు దొరికేది వాటితోనే. పేరుతో వెతికితే దొరకడం కష్టం. పడాల్, దొర లాంటివి ఇంగ్లీషు గుమాస్తా చేతిలో ఎన్ని రకాలుగానైనా మారతాయి. ఊరు, శిక్ష పడ్డ ఏడాది ముందు పట్టుకోండి. సర్కారుపై యుద్ధానికి పెట్టే ఐపీసీ సెక్షన్ 121 ఒక్కటే చూసి ఆగొద్దు. దోపిడీ సెక్షన్ 395కూ ద్వీపాంతర శిక్ష ఉండేది, తిరుగుబాటుదారుడి పేరు ఆ పద్దులోనూ దొరకొచ్చు.